ఒళ్లు పట్టాలి, బెదురు పెరగకూడదు: మా మల్లికి పెట్టిన మేత

మూడు వారాల్లో ముహూర్తాలు మొదలవుతాయి, గుర్రం డొక్కలు కనిపిస్తున్నాయి, ఏం పెట్టమంటారు అని ప్రతి మాఘమాసానికి ముందు ఎవరో ఒకరు మా సాల దగ్గరికి వస్తారు. మూడు వారాల్లో ఒళ్లు రాదని చెబితే మొహం చిన్నబుచ్చుకుంటారు. కానీ నిజం అదే. ఎండిపోయిన గుర్రానికి నిలకడగా ఒళ్లు పట్టాలంటే మూడు నాలుగు నెలలు పడుతుంది. తొందరపడి గింజలు కుమ్మరిస్తే డొక్కలు అలాగే ఉంటాయి, గుర్రం మాత్రం చేతికి దొరకదు. ఆ తప్పు మేమే చేశాం. ఏం జరిగిందో, తర్వాత ఎలా సరిదిద్దుకున్నామో కొలతలతో సహా రాస్తున్నాను.

మాది విజయనగరం. నాన్న రైల్వే స్టేషన్ నుంచి మూడు లాంతర్ల దాకా, కోట దాకా జట్కా తోలేవారు. ఆటోలు వచ్చాక జట్కా పోయింది, గుర్రం మీద ప్రేమ ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు అన్నయ్యా నేనూ రెండు గుర్రాలు పెట్టుకుని పెళ్లి ఊరేగింపులకీ, ఊళ్లలో అమ్మవారి పండగలకీ తిప్పుతున్నాం. కళ్లెం పట్టుకుని నడిచేది అన్నయ్య. గడ్డి తూచేది, దాణా కలిపేది, లద్దె చూసేది నేను.

మల్లి జ్యేష్ఠమాసంలో మా ఇంటికి వచ్చింది. తెల్ల ఆడగుర్రం, ఆరేళ్లది. సాధువు. చిన్నపిల్లలు కాళ్ల మధ్య తిరిగినా కదిలేది కాదు. కాకపోతే పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. శ్రావణం ముహూర్తాలకి సిద్ధం చేయాలి. అమ్మిన వ్యాపారి ఒక చిట్కా చెప్పాడు: కిలో ఉలవలు, కిలో మొక్కజొన్న, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. "నెల తిరిగేసరికి ఏనుగైపోద్ది" అన్నాడు. అలాగే పెట్టాం. మధ్యలో ఒక మోపు వరిగడ్డి తప్ప ఇంకేమీ లేదు.

మూడో వారానికి సాలలో నేల తవ్వడం మొదలుపెట్టింది. దాణా బుట్ట చప్పుడు వింటే గోడని తన్నేది. నేను తోక దువ్వుతుంటే ఒళ్లు జలదరించి పక్కకి దూకేది. శ్రావణంలో నెల్లిమర్ల వైపు ఒక పల్లెలో పెళ్లి. బ్యాండు వరకు ఓర్చుకుంది. తారాజువ్వ ఒకటి లేవగానే ముందుకాళ్లు రెండూ ఎత్తేసింది. పెళ్లికొడుకు వెనక్కి జారాడు. అన్నయ్య అడ్డం పడి పట్టుకున్నాడు కాబట్టి ఆ అబ్బాయికి ఏమీ కాలేదు. అన్నయ్య కుడి భుజం మాత్రం ఆరు వారాలు పైకి లేవలేదు. ఆ రాత్రి మల్లి లద్దె పలచగా, పుల్లటి వాసనతో పడింది. డొక్కలు చూస్తే మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

అంత తిన్నా ఒళ్లెందుకు రాలేదు, పైగా పిచ్చెక్కినట్టు ఎందుకు చేసింది? ఈ రెండింటికీ జవాబు ఒక్కటేనని తర్వాత తెలిసింది.

గింజ ఎక్కడ తేడా చేస్తుంది

గుర్రం పొట్ట ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. పెద్ద గుర్రానికైనా ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు, అంతే. ఆవులా నెమరు వేయదు. రోజులో ఎక్కువ గంటలు కొంచెం కొంచెంగా గడ్డి కొరుకుతూ తిరగడానికి పుట్టిన జంతువు. దాని పొట్టలో మేత ఉన్నా లేకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని చల్లార్చేది లాలాజలం. గుర్రానికి లాలాజలం నమిలేటప్పుడే ఊరుతుంది. కిలో ఎండుగడ్డి నమలడానికి దానికి నలభై నిమిషాలు పడితే, కిలో గింజలు పది నిమిషాల్లో అయిపోతాయి. ఇక మిగతా రోజంతా ఖాళీ పొట్ట, ఊరే ఆమ్లం, పుండ్లు. కడుపు మండుతున్న గుర్రం స్థిమితంగా ఎలా నిలబడుతుంది?

రెండో సంగతి పిండిపదార్థం. చిన్నపేగు ఒక పూటకి కొంత పిండినే అరిగించుకోగలదు. ఒంటి బరువు కిలోకి ఒక గ్రాము పిండి దాటకుండా చూసుకుంటే క్షేమం. మల్లి బరువు అప్పుడు 283 కిలోలు, అంటే పూటకి 283 గ్రాములు. కిలో మొక్కజొన్నలోనే 700 గ్రాముల దాకా పిండి ఉంటుంది. ఉలవలు దానికి తోడు. హద్దుకి నాలుగు రెట్లు పెట్టామన్నమాట. అరగని పిండి పెద్దపేగులోకి పోయి పులుస్తుంది. అక్కడ గడ్డిని అరిగించిపెట్టే సూక్ష్మజీవులు ఆ పులుపుకి చచ్చిపోతాయి. దాంతో తిన్న గడ్డి కూడా వంటపట్టదు. అందుకే కిలోలకి కిలోలు తిన్నా డొక్కలు పూడలేదు. అరిగిన పిండేమో చక్కెరై ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కుతుంది. కట్టుకొయ్యకి కట్టేసి ఉన్న గుర్రం ఆ బలాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలి?

అమ్మ మొదట ఒప్పుకోలేదు. "మీ నాన్న గుర్రాలు ఉలవలు తిని బతకలేదేటే?" అంది. బతికాయి. నాకూ గుర్తుంది, నాన్న మూడు కిలోల దాకా పెట్టేవారు. కానీ ఆ గుర్రాలు తెల్లారకముందే బండి కట్టించుకుని రాత్రి ఆఖరి రైలు వచ్చేదాకా తిరిగేవి. నాన్న ఒకేసారి కూడా పెట్టేవారు కాదు, దాణా సంచి మెడకి తగిలించి సవారీ సవారీకి మధ్య గుప్పెడేసి. ఇప్పటి పెళ్లి గుర్రం ఏడాదిలో ఎన్నో రోజులు ఇరవై రెండు గంటలు సాలలోనే నిలబడుతుంది. పని మారినప్పుడు మేత కూడా మారాలి. ఈ మాట చెప్పాక అమ్మ ఇంకేమీ అనలేదు. మర్నాడు తనే గడ్డి తూచడానికి త్రాసు తెచ్చి ఇచ్చింది.

ముందు టేపు, తర్వాత డాక్టరు

మేత మార్చే ముందు గుర్రం బరువు తెలియాలి. పొడవైన మెత్తటి టేపు చాలు. ముందుకాళ్ల వెనక, జీను పటకా వచ్చే చోట ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీయండి. తర్వాత భుజం ముందు ఎముక నుంచి పిరుదు వెనక ఎముక దాకా పొడవు తీయండి. చుట్టుకొలతని చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. మల్లికి చుట్టు 155, పొడవు 140. లెక్క వేస్తే 283 కిలోలు. కాటా తూకమంత కచ్చితం కాదు, కానీ పదిహేను రోజులకోసారి ఒకే మనిషి, ఒకే చోట కొలిస్తే పెరుగుతోందో తగ్గుతోందో బాగా తెలుస్తుంది.

కంటిని నమ్మకండి, చేతిని నమ్మండి. తెల్లగుర్రం దూరం నుంచి ఎప్పుడూ లావుగానే కనిపిస్తుంది, చలికాలం జుత్తు పెరిగితే మరీనూ. అరచేయి పక్కటెముకల మీద పెట్టి నిమరండి. ఎముకలు చేతికి తగలాలి, కంటికి కనిపించకూడదు. వెన్ను మీద, తోక మొదట్లో, మెడ మీద జూలు కింద, భుజం వెనక కూడా చూడండి. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేసే పద్ధతి ఒకటి ఉంది, పశువైద్యులు వాడతారు. ఐదు అంటే సరైన ఒళ్లు. మల్లి అప్పటికి మూడు.

తర్వాత చేయాల్సింది చాలామంది వదిలేస్తారు. గుర్రం తిన్నది దానికే అందుతోందా లేదా చూడాలి. పళ్ల అంచులు పదునుదేరితే బుగ్గ కోసుకుంటుంది, నమలలేక గడ్డి ఉండలు ఉండలుగా ఉమ్మేస్తుంది, లద్దెలో గింజలు గింజలుగానే పడతాయి. అలాంటి గుర్రానికి పళ్ల అంచులు ఆకురాయితో రాకించకుండా ఎంత పెట్టినా దండగ. పొట్టలో పాములుంటే మందు బరువుని బట్టి వేయించాలి, ఆ టేపు లెక్క అక్కడ కూడా పనికొస్తుంది. మూడోది సర్రా. జోరీగలు కుట్టి ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి ఎక్కించే రోగం ఇది. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, కాళ్లు, పొట్ట కింద వాస్తుంది, రక్తం తగ్గిపోతుంది, బాగానే తింటున్నా గుర్రం కరిగిపోతుంది. వానాకాలం తర్వాత మన వైపు జోరీగలు ఎంత ఉంటాయో పశువులున్న ఇంటివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రక్త పరీక్షలో తేలుతుంది, దానికి మందు ఉంది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉండడం మన జిల్లా అదృష్టం. మల్లికి సర్రా లేదు. పళ్లు మాత్రం రెండు వైపులా రాకించాల్సి వచ్చింది.

గడ్డి

నా మాట ఒక్కటే వినాలనుకుంటే ఇది వినండి. ఒళ్లు తెప్పించేది గడ్డే. గింజ దానికి తోడు మాత్రమే.

గుర్రం రోజు మొత్తంలో తినే మేత, నీటి శాతం తీసేసి లెక్క వేస్తే, ఒంటి బరువులో నూటికి రెండు నుంచి రెండున్నర పాళ్లు ఉండాలి. అందులో గడ్డి, పీచు మేత ఒకటిన్నర పాళ్లకి ఎప్పుడూ తగ్గకూడదు. మల్లికి నేను ఆరున్నర, ఏడు కిలోల మధ్య పెట్టుకున్నాను, అందులో ఐదున్నర పైన గడ్డే. పచ్చిగడ్డిలో ముప్పాతిక వంతు నీళ్లే కాబట్టి పన్నెండు కిలోల పచ్చిగరిక అంటే మూడు కిలోల ఎండుమేత కింద లెక్క.

గరికని మించిన గడ్డి గుర్రానికి మన దగ్గర లేదు. పొలం గట్ల మీద, చెరువు గట్ల మీద కోసి మోపులు అమ్మేవాళ్లు ఉంటారు. పురుగుమందు కొట్టిన చేల గట్లు కాకుండా చూసుకోండి, అడిగి మరీ తీసుకోండి. గరికతో పాటు రోజుకి రెండు కిలోల వేరుశనగ కట్టె పెట్టాను. కాయలు కోశాక మిగిలే ఎండు తీగ అది. ఆకు రాలిపోకుండా నీడన ఆరబెట్టింది అయితే మంచి మాంసకృత్తులు, సున్నం (కాల్షియం) ఉంటాయి. ఇసుక, మట్టి దులపకుండా మాత్రం పెట్టొద్దు, ఇసుక పేగులో చేరితే కడుపునొప్పి తెస్తుంది. వరికోతల తర్వాత పొలాల్లో పిల్లిపెసర దొరికినప్పుడు అది కోసి, ఒక పూట వాడబెట్టి, కొంచెం కొంచెంగా అలవాటు చేశాను. రాత్రికి మాత్రం ఒక కిలో వరిగడ్డి. అందులో సారం తక్కువే, అయినా తెల్లారేదాకా నములుతూ ఉండడానికి పనికొస్తుంది. మొదట్లో మేం చేసిన పొరపాటు వరిగడ్డి పెట్టడం కాదు, అదొక్కటే పెట్టడం.

పాడి రైతులు ఇప్పుడు సూపర్ నేపియర్ బాగా వేస్తున్నారు, ఊరికే ఇస్తామన్నా చాలామంది ఉన్నారు. గేదెకి పరవాలేదు. గుర్రానికి అదొక్కటే నెలల తరబడి పెడితే అందులోని ఆక్సలేట్ అనే పదార్థం సున్నాన్ని పట్టేసుకుంటుంది. గుర్రం ఆ సున్నాన్ని సొంత ఎముకల్లోంచి లాక్కుంటుంది, మొహం ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది. పచ్చి జొన్నచొప్ప అసలు వద్దు. లేత జొన్నలో విషం ఉంటుందని పశువులున్న అందరికీ తెలుసు. గుర్రానికి అదనంగా మూత్రాశయం కూడా దెబ్బతింటుంది. బూజు పట్టిన గడ్డి సంగతి వేరే చెప్పాలా? తుపాను వానకి మా గడ్డివాము ఒకవైపు తడిసినప్పుడు ఆ భాగం మొత్తం తీసి పారబోశాం. డబ్బు పోయిందని బాధ ఉంటుంది, కానీ అలాంటిది ఏ జంతువుకీ పెట్టొద్దు.

మొదటి పదిహేను రోజులు మల్లికి గింజ మొత్తం ఆపేసి గడ్డే పెట్టాను. ఒక్కరోజులో ఆపలేదు, వారం రోజుల్లో కొంచెం కొంచెంగా తగ్గించాను. మూడో వారానికి లద్దె గట్టిపడింది. నేల తవ్వడం ఆగింది. టేపుతో కొలిచి చూస్తే బరువు ఇంకా పెరగలేదు, కానీ కళ్లు మెత్తబడ్డాయి. గోడవైపు తిరిగి నిలబడేది మళ్లీ మనుషులవైపు తిరిగి నిలబడింది. అది చూసిన రోజు నాకు ఎంత నిశ్చింత అనిపించిందో.

దాణా

గడ్డి కుదిరాక దాణా మొదలుపెట్టాలి. ఉలవలు మానక్కర్లేదు. మన మెట్ట చేలల్లో పండే గింజ, మాంసకృత్తులు బాగా ఉంటాయి, వెన్ను మీద కండ కట్టడానికి అవి కావాలి. మోతాదు, వండే తీరు సరిగ్గా ఉండాలి. పచ్చి ఉలవల్లో అరుగుదలని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, ఉడికిస్తే అవి పోతాయి. అంటే గుగ్గిళ్లు చేసి పెట్టడంలో పాతవాళ్లది పూర్తిగా రైటు. రాత్రి నానబెట్టి, పొద్దున మెత్తగా ఉడికించి, చల్లార్చి పెట్టండి. ఉడికించిన నీళ్లలో కొంత మా ఇంట్లో చారుకి పోతుంది, మిగతాది మల్లి దాణాలోనే కలుపుతాను.

మల్లికి రోజుకి 600 గ్రాముల ఉలవలు, నానబెట్టకముందు తూకం. మూడు పూటలకి 200 చొప్పున. మొక్కజొన్న పూర్తిగా మానేశాను.

తవుడు రోజుకి 450 గ్రాములు. మిల్లులో ఆ రోజో ముందు రోజో ఆడించింది కావాలి. నూనె తీయని తవుడు త్వరగా ముక్కిపోయిన వాసన వస్తుంది, వాసన తేడాగా ఉంటే వాడొద్దు. తవుడులో ఇంకో చిక్కుంది. భాస్వరం చాలా ఎక్కువ, సున్నం చాలా తక్కువ. నేపియర్‌తో వచ్చే ఎముకల జబ్బే తవుడుతోనూ వస్తుంది. అందుకని రోజుకి 25 గ్రాముల సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, దాణాలో కలుపుతాను. గోడకి వేసే సున్నం, తాంబూలం సున్నం కాదు, అవి నోరు కాలుస్తాయి. పశువుల మందుల షాపులో అడిగితే సరైనది ఇస్తారు.

కొబ్బరి చెక్క నాకు బాగా కలిసొచ్చిన మేత. గానుగలో నూనె తీశాక మిగిలే పిండి. అందులో పిండిపదార్థం చాలా తక్కువ, మిగిలిన నూనె, పీచు ఎక్కువ. గుర్రాన్ని వేడెక్కించకుండా ఒళ్లు పట్టిస్తుంది. ఉద్దానం వైపు చుట్టాలుంటే తెప్పించుకోవడం సులువు. రోజుకి 300 గ్రాములు, గంట ముందు నీళ్లలో నానబెట్టి, ఉబ్బాక కలపండి. కొనేటప్పుడు విరిచి లోపల చూడండి. పచ్చగానో నల్లగానో బూజు మచ్చ కనిపిస్తే వద్దు. వేరుశనగ చెక్కకి ఈ భయం ఇంకా ఎక్కువ, అందుకే నేను దాని జోలికి పోను.

చివరిది నూనె. బరువుకి బరువు చూస్తే గింజ కన్నా రెండు రెట్లు పైగా శక్తి, పిండిపదార్థం సున్నా. గుర్రం చురుకు పెరగకుండా బరువు పెరగాలంటే ఇంతకంటే తిన్నని దారి నాకు కనిపించలేదు. గుర్రానికి పిత్తాశయం లేదు, అయినా అలవాటు చేస్తే నూనె బాగానే అరిగించుకుంటుంది. ఆ అలవాటుకి టైమ్ ఇవ్వాలి. నేను రోజుకి 25 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, నాలుగు రోజులకోసారి ఇంకో 25 పెంచుకుంటూ, నెల రోజులకి 200 మిల్లీలీటర్లకి చేర్చాను. ఒంటి బరువు కిలోకి ఒక మిల్లీలీటరు దాటకూడదు. లద్దె జిడ్డుగా, వదులుగా పడితే ముందటి మోతాదుకి వెళ్లి ఒక వారం ఆగండి. వేరుశనగ నూనె, తవుడు నూనె, ఏదైనా సరే, తాజాది. వంటింట్లో వేపుళ్లకి వాడగా మిగిలిన నూనె మాత్రం పోయకండి. నూనె పెట్టే గుర్రానికి విటమిన్ ఇ అవసరం పెరుగుతుంది, మోతాదు డాక్టరుని అడిగి వేయండి.

వీటిలో రోజుకి 30 గ్రాముల ఉప్పు. రోహిణి కార్తె ఎండల్లో, చెమట బాగా పట్టిన రోజుల్లో 50. ఉప్పు తగ్గితే నీళ్లు తక్కువ తాగుతుంది, నీళ్లు తగ్గితే కడుపు పట్టేస్తుంది. తొట్టిలో నీళ్లు రాత్రీ పగలూ ఉండాలి.

ఇవన్నీ కలిపి మూడు పూటలకి సమానంగా పంచితే పూటకి అరకిలో కాస్త దాటుతుంది. చూసేవాళ్లకి అంతేనా అనిపిస్తుంది. అంతే. అందులో పిండి పూటకి 150 గ్రాముల దగ్గరే ఆగుతుంది, హద్దులో సగం.

ఒక హెచ్చరిక. గుర్రం దాణా దొరకలేదని పాడి పశువుల దాణా, కోళ్ల మేత సంచులు తెచ్చి పెట్టేవాళ్లని చూశాను. కోళ్ల మేతలోనూ, కొన్ని పశువుల దాణాల్లోనూ మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. ఆవుకి, కోడికి అది మేలే చేస్తుంది. గుర్రానికి కొద్దిపాటి మోతాదు పోయినా గుండె కండరం దెబ్బతిని చచ్చిపోతుంది, విరుగుడు మందు లేదు. గుర్రపు సాల పక్కనే కోళ్ల మేత సంచి పెట్టుకోవద్దు, అది మూతి పెట్టడానికి ఒక్క నిమిషం చాలు.

రోజు ఎలా గడుస్తుంది

తెల్లవారుజామున నాలుగున్నరకి ముందు ఒక చేతిమోపు గరిక. ఖాళీ పొట్టతో ఎప్పుడూ బయటికి తీయం. ఐదున్నరకి అన్నయ్య నడకకి తీసుకెళ్తాడు, మొదట నలభై నిమిషాలు, రెండో నెల నుంచి గంటంబావు, మధ్యలో కొంచెం చిన్నపాటి పరుగు. ఏడున్నరకి మొదటి దాణా. తొమ్మిదికి ఇంటి వెనక కోసేసిన చేనులో తాడు లేకుండా వదిలేస్తాం, మధ్యాహ్నం దాకా అక్కడే. ఒంటిగంటకి రెండో దాణా, వేరుశనగ కట్టె. సాయంత్రం మాలీసు, ఆరింటికి మూడో దాణా, మళ్లీ గరిక. రాత్రి తొమ్మిదిన్నరకి వరిగడ్డి, మిగిలిన కట్టె. నాలుగు గంటలకి మించి పొట్ట ఖాళీగా ఉండకూడదన్నదే దీని వెనక లెక్క.

ఆ చేనులో వదిలేయడం, ఆ నడక, ఈ రెండూ లేకుండా మేత ఒక్కటే మార్చితే సగమే పని అవుతుంది. కట్టేసి పెంచిన గుర్రానికి కొవ్వు పడుతుంది, కండ పట్టదు. పైగా ఎంత మంచి మేత పెట్టినా కట్టుకొయ్య దగ్గర విసుగు దానికి ఎక్కుతూనే ఉంటుంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. దాణా తెచ్చిన బెదురు దాణా మార్చితే పోతుంది. తారాజువ్వ చూసి భయపడడం అనేది వేరే. దానికి అన్నయ్య రెండు నెలలు కష్టపడ్డాడు. మొదట దూరంగా పళ్లెం మీద కర్రతో కొట్టడం, తర్వాత డప్పు, తర్వాత తప్పెటగుళ్లు సాధన చేసే కుర్రాళ్ల దగ్గరికి తీసుకెళ్లి దూరంగా నిలబెట్టి గరిక పెట్టడం. ఆ ఏడు మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున మల్లిని సాలలోంచి బయటికి తీయలేదు. ఆ జనం, ఆ పులివేషాలు అప్పటికి దానికి చాలా ఎక్కువ.

ఊరేగింపు రోజున మధ్యాహ్నం దాణా మామూలుగా పెడతాం. సాయంత్రం దాణా ఆపేసి, బయలుదేరే గంట ముందు గరిక, ఎండుగడ్డి మాత్రం ఇస్తాం. పొట్టలో గడ్డి ఉంటే ఆమ్లం పైకి ఎగజిమ్మదు, గుర్రం కుదురుగా ఉంటుంది. పెళ్లివారింట్లో అందరికీ ప్రేమే, బూరెలు, లడ్డూలు, పులిహోర చేతిలో పెట్టుకుని వస్తారు. అన్నయ్య ముందే చెప్పేస్తాడు, మల్లికి ఏమీ పెట్టకండమ్మా, కావాలంటే ఈ గడ్డి పెట్టండి అని ఒక పిడికెడు చేతికిస్తాడు. పిల్లలకి అదే సరదా. తిరిగొచ్చాక చెమట ఆరేదాకా నడిపించి, నీళ్లు కొంచెం కొంచెంగా ఇచ్చి, ముందు గడ్డి, గంట తర్వాత ఆగిపోయిన మూడో దాణా.

ఈ నెలలన్నీ పొద్దునే నేను చూసేది లద్దె. ఉండలు ఉండలుగా పడి, నేల తగిలితే చిట్లాలి. పలచబడి పుల్లగా వాసన వస్తే పిండి ఎక్కువైనట్టు. చిన్నగా గట్టిగా ఉంటే నీళ్లు చాలనట్టు. గుర్రం మేత ముట్టకుండా డొక్క వైపు తిరిగి చూసుకుంటూ, నేల తవ్వుతూ, పదే పదే పడుకుని దొర్లుతుంటే అది కడుపునొప్పి. మేత తీసేసి వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి, కషాయాలు గొంతులో పోయకండి. గిట్టలు వేడిగా ఉండి, ముందుకాళ్ల మీద బరువు వేయలేక వెనక్కి వాలి నిలబడితే అది కూడా ఆ రోజే చూపించాల్సిన జబ్బు. ఒకేసారి ఎక్కువ గింజ తిన్న గుర్రానికి ఈ రెండూ రావచ్చు. దాణా గదికి గడియ, తాళం పెట్టించింది ఇందుకే.

భాద్రపదంలో 155 ఉన్న ఛాతీ కొలత కార్తీకం చివరికి 158 అయింది. మాఘం మొదట్లో 162. లెక్క వేస్తే 309 కిలోలు, నాలుగున్నర నెలల్లో 26 కిలోలు పెరిగింది. పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి, కంటికి కనిపించడం లేదు. మాఘంలో చీపురుపల్లి దగ్గర ఒక పెళ్లికి వెళ్లింది. బ్యాండు ఉంది, బాణసంచా ఉంది. మొదటి జువ్వకి చెవులు రెండూ వెనక్కి పెట్టి ఒక అడుగు పక్కకి వేసింది. అన్నయ్య మెడ మీద చేయి వేయగానే నిలబడింది.

ఆ మర్నాటి నుంచి నూనె 200 నుంచి 100కి తగ్గించుకుంటూ వచ్చాను, నాలుగు రోజులకి 25 చొప్పున. ఉలవలు 450కి తెచ్చాను. గడ్డి మాత్రం ఒక్క మోపు కూడా తగ్గించలేదు. ఆదివారం ఆదివారం ఇప్పటికీ టేపు తీస్తాను, అమ్మ పక్కన నిలబడి అంకె రాసుకుంటుంది.